బాత్‌రూములో జారిపడినవాళ్ళు

సంపాదకులు గారు ఈ సంచికకి ఉప్పు, రక్తపోటు గురించి నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. రాద్దామనే కూర్చున్నాను. మన ఇళ్ళలోని ఊరగాయ జాడీలు, శుక్రవారం విందులు తల్చుకుంటే ఆ విషయం మీద నాలుగు కాదు, పద్నాలుగు పేజీలు రాయొచ్చు. కాని కలం అటు నడవలేదు. రెండేళ్ళ నుంచీ ఒక సంగతి లోపల ముల్లులా గుచ్చుతోంది. అది బయటికి తీస్తే గాని ఇంకోటి రాయలేనని తేలిపోయింది. ఉప్పు సంగతి వచ్చే సంచికలో చూద్దాం, సంపాదకులు మన్నించాలి.

ఇది ఒకావిడ కథ. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం, పిల్లల సంఖ్య లాంటివి మార్చాను. అంచేత ఎవరై ఉంటారా అని దయచేసి లెక్కలు కట్టకండి. నా వంతు కథలో మాత్రం ఏమీ మార్చలేదు.

ముందు కాస్త ఎముకల సంగతి చెప్పాలి. కాలు జారి పడే మనిషి తనకి తెలియకుండానే చెయ్యి చాపుతాడు. అరచెయ్యి నేలకి తగులుతుంది, విరిగితే ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. అదే, తల మీదికి వచ్చే దెబ్బని కాచుకోడానికి చెయ్యి అడ్డం పెడితే విరిగేది వేరు. ముంజేతిలో చిటికెన వేలి వైపు అల్నా అనే ఎముక ఒకటి ఉంది. అది నడిమికి, అదొక్కటే, విరుగుతుంది. వైద్య పుస్తకాలు దానికి నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అని పేరు పెట్టాయి. నైట్‌స్టిక్ అంటే పోలీసు లాఠీ. లాఠీకి అడ్డం పెట్టిన చెయ్యి అన్నమాట. కారు ప్రమాదాల్లోనూ ఈ ఎముక ఇలా విరగొచ్చు గనక ఎక్సురే ఒక్కటి చూసి ఎవరినీ దోషి అనకూడదు. కాని బాత్‌రూములో జారిపడ్డానని వచ్చిన మనిషికి ఈ ఎముక ఇలా విరిగి ఉంటే డాక్టరన్నవాడు ఇంకో ప్రశ్న అడిగి తీరాలి. పది పన్నెండేళ్ళ ప్రాక్టీసులో చాలామందిని చూశాను, అందులో మనవాళ్ళు తక్కువేమీ కాదు. కువైట్ బాత్‌రూములు అంత నున్నగా ఉంటాయని నేననుకోను.

ఆ రాత్రి నేను వార్డు డ్యూటీలో ఉన్నాను. ఒంటిగంట దాటాక క్యాజువాల్టీ నుంచి ఈజిప్టు డాక్టరొకాయన ఫోను చేశాడు. మీ భాష ఆవిడ వచ్చింది, ఏమీ చెప్పడం లేదు, ఒకసారి రమ్మన్నాడు. వెళ్ళాను. తెర తీసేసరికి తెలిసిన మొహం. నన్ను చూడగానే ఆవిడ కళ్ళు దించుకుంది. పక్కన భర్త నిలబడి ఉన్నాడు. "బాత్‌రూములో జారిపడింది డాక్టరు గారూ, మీరుండటం మా అదృష్టం" అన్నాడు. ఫారం నింపించాలని చెప్పి అతన్ని కౌంటరు దగ్గరికి పంపించాను. అతను కదిలాక ఆవిడ మెల్లిగా అంది:

"జారిపడ్డాననే రాయండి అన్నయ్యా."

"నాతో చెప్పొచ్చు కదమ్మా" అన్నాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో ఇంకోటి అని ఉండను.

"పోయినసారి మీతో చెప్పాను కదా. అలా చెప్పినందుకే కదా ఇది."

పోయినసారి అంటే అప్పటికి ఏడు వారాల కిందట, ఒక శుక్రవారం సాయంత్రం, సాల్మియాలో ఒక మిత్రుడి ఫ్లాటులో. ఆవిడ పక్కింటి వాళ్ళతో ఏదో చెప్పుకుంది. వాళ్ళు ఇంకొకరితో అన్నారు. చివరికి సంఘంలో పెద్దలు కొందరు "పోలీసులదాకా, ఎంబసీదాకా పోనీయకుండా మనలో మనం సర్దేద్దాం" అనుకున్నారు. అయిదుగురం కూర్చున్నాం. అందులో నాకు ముప్పై అయిదేళ్ళు, అందరికన్నా చిన్నవాణ్ణి. అయినా డాక్టరు గారు ఉంటే బాగుంటుందన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల గర్వంగానే అనిపించింది. తాతల నాటి పెద్దరికం నా వయసుకే వచ్చేసిందనుకున్నాను.

ఆ భర్త చెడ్డవాడని ఎవరం అనుకోలేదు. సంక్రాంతి కార్యక్రమానికి తెల్లారే వచ్చి కుర్చీలు వేసే మనిషి. ఎవరికైనా రక్తం కావాలంటే ముందుగా చెయ్యి చాపే మనిషి. నాకతను బ్యాడ్మింటన్ ద్వారా పరిచయం. రెండు గంటలు విన్నాం. అతను మాట్లాడింది గంటన్నర. ఆఫీసులో ఒత్తిడి, ఊళ్ళో తండ్రి జబ్బు, కట్టాల్సిన అప్పు, ఆవిడ ఎదురు మాట్లాడే తీరు. ఆవిడ మాట్లాడింది పది నిమిషాలు. "రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు" అని ఊరుకుంది. మేమెవరం ఎలా, ఎక్కడ, దేంతో అని అడగలేదు. డాక్టరుని కదా, నేనైనా అడగాల్సింది. నేనూ అడగలేదు. అతను పిల్ల తల మీద చెయ్యి వేసి ఇంకెప్పుడూ అలా జరగదన్నాడు. ఆవిడకి కూడా నాలుగు మంచి మాటలు చెప్పాం. "కాస్త సర్దుకుపోవాలమ్మా, పరాయి దేశంలో ఉన్నాం" అన్న మాట నాదే. తర్వాత అందరం భోజనం చేశాం. దమ్ బిరియానీ, పెరుగు పచ్చడి. ఆవిడే వడ్డించింది.

ఆ రాత్రి కారులో మా ఆవిడ ఒకటే అడిగింది. "మీ అయిదుగురిలో ఆ అమ్మాయి తరపు మనిషి ఎవరు?" నేను జవాబు చెప్పలేదు. జవాబు ఉంటే కదా.

పెద్దమనుషుల్లో పెట్టడం అనేది మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. మా తాతయ్య నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళలో ఒకదానికి పెద్దమనిషి. వేపచెట్టు కింద ఎత్తరుగు ఉండేది. తగువు వచ్చినవాళ్ళు రెండు పక్షాలూ ముందు ధరావతు కట్టేవాళ్ళు. తీర్పు మీరినవాడి ధరావతు రామాలయానికి పోయేది. గట్టు తగాదాలు, మేకలు చేలో పడ్డ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. సివిల్ కోర్టులో పదేళ్ళు నలిగేది అక్కడ ఒక పూటలో తేలేది. ఆ సంగతి నేను కాదనను. ఆ అరుగు మీద కూర్చునే హక్కు ఊళ్ళో సగం మందికి లేదన్నదీ నిజమే. మాలపల్లి వాళ్ళు కింద నిలబడే మాట్లాడేవాళ్ళు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు ఒక మొగుడూ పెళ్ళాల తగువు వచ్చింది. ఆవిడ రవిక చేతికి రక్తం మరక ఉండటం నాకింకా గుర్తు. తాతయ్య ఆవిణ్ణి ఒక్క మాటా అడగలేదు. ఆవిడ తరపున ఆవిడ అన్న మాట్లాడాడు. మొగుడికి అయిదు వందలు తప్పు వేశారు, ఇంకోసారి చెయ్యెత్తితే వెయ్యి అన్నారు, తీసుకుపొమ్మన్నారు. అంతా లేస్తుంటే తలుపు చాటు నుంచి మా అమ్మమ్మ గొంతు వినపడింది. "ఈ పొద్దు దాన్ని పంపేది లేదు. తల పగిలుండాది. మానినాక చూద్దాం."

తాతయ్య ఏమీ అనలేదు. ఆవిడ మా పెరటి వసారాలో తొమ్మిది రోజులు ఉంది. పసుపు, నూనె, మా అమ్మమ్మ పక్కలోనే పడక. మొగుడు రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మమ్మ మంచినీళ్ళు పంపేది, మనిషిని పంపేది కాదు. వాడు వచ్చేదీ పోయేదీ ఊరంతా చూసింది. నీళ్ళకి పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. పదో రోజున ఆవిడ తనంతట తానే వెళ్తానంటే పంపింది, ఆవిడ అన్న ఇంటి మీదుగా. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మా గడప ఎక్కిన గుర్తు లేదు. అది మంచికో చెడుకో నేను చెప్పలేను, మరుసటేడు మేం ఊరు మారాం.

ముప్పై ఏళ్ళు నేను ఆ తీర్పు తాతయ్యది అనుకున్నాను.

అమ్మమ్మకి అంత మాట అనే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది అంతకు కొన్నేళ్ళ ముందు ఆ చుట్టుపక్కల వీచిన గాలి అని నా ఊహ. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన సంగతి మీకు తెలిసిందే. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న కూలి ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, ముందుకొచ్చి నిలబడ్డారు. ఆ కథ వాచకంలో పాఠమై జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. చరిత్ర రాసేవాళ్ళు దాన్ని సారా ఉద్యమం అన్నారు. మా అమ్మమ్మ దృష్టిలో అది తన్నులు తినే ఆడవాళ్ళ ఉద్యమం. సారా దుకాణం మూతపడితే రాత్రిపూట ఇళ్ళలోంచి వచ్చే కేకలు తగ్గాయని ఆవిడ లెక్క. మొగుణ్ణి ఒంటరిగా ఎదిరించలేని ఆడది నలభైమందితో కలిసి దుకాణాన్ని ఎదిరించింది.

దాదాపు ఆ రోజుల్లోనే, 1995లో, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మహిళా సమాఖ్య వాళ్ళు నారీ అదాలత్ అని మొదలుపెట్టారు. అదీ పంచాయతీయే. కాని కూర్చునేది పల్లెటూరి ఆడవాళ్ళు, ముందు మాట్లాడేది దెబ్బలు తిన్న మనిషి. 1993 నుంచి మన మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సంఘాలు పనిచేశాయి. అంటే పంచాయతీ అన్న పద్ధతిలోనే దోషం ఉందని నేననను. ఎవరు కూర్చున్నారు, ముందు ఎవర్ని అడిగారు, రాత్రికి ఆవిడ ఎక్కడ పడుకుంది, ఇవి ముఖ్యం. సాల్మియా ఫ్లాటులో మేం ఈ మూడూ తప్పాం.

మనం ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నది అరుగు ఒక్కటే. అన్నగారి ఇల్లు తెచ్చుకోలేదు, పెరటి వసారా తెచ్చుకోలేదు, నీళ్ళకి పోతూ ఆగి చూసే ఆడవాళ్ళని తెచ్చుకోలేదు. ఇక్కడ తీర్పు అయిపోగానే లిఫ్టు ఎక్కి ఏడో అంతస్తుకి పోయి తలుపు వేసుకుంటారు. ఏసీ చప్పుడులో పక్క ఫ్లాటువాళ్ళకి ఏమీ వినపడదు. మరునాడు ఆ మనిషి మొహం చూసేవాడు ఎవడూ ఉండడు. పుట్టిల్లు నాలుగు గంటల విమానం అవతల ఉంటుంది, టిక్కెట్టు కొనే కార్డు భర్త జేబులో ఉంటుంది. మన ఆడవాళ్ళలో చాలామంది ఉండేది ఇరవైరెండో నంబరు అకామా మీద. అది భర్త అకామాకి కట్టిన తాడు. అతను రద్దు చేయిస్తే ఆవిడకి ఈ దేశంలో చోటు లేదు. పిల్లల బడి మధ్యలో ఆగిపోతుంది. ఆవిడ "జారిపడ్డాననే రాయండి" అనడానికి వెనక ఇంత ఉంది.

ఈ దేశస్థులకీ మన పద్ధతి లాంటిదే ఉంది. దీవానియాల్లో పెద్దలు కూర్చుని సుల్హ్, అంటే రాజీ, కుదర్చడం పాత ఆచారం. 1984 నాటి వ్యక్తిగత చట్టంలో భార్య తనకి హాని జరుగుతోందని కోర్టుకి వెళ్తే ఇద్దరు మధ్యవర్తుల్ని వేయాలని రాశారు. వీలైతే అతని వైపు ఒకరు, ఆమె వైపు ఒకరు. చదివినప్పుడు మా ఆవిడ ప్రశ్న చెవిలో మోగింది. అయినా అక్కడ మధ్యవర్తుల వెనక కోర్టు ఉంది, మా వెనక బిరియానీ తప్ప ఏమీ లేదు. 2015లో కుటుంబ న్యాయస్థానాల చట్టం, 2020లో గృహహింస నుంచి రక్షణకి 16వ నంబరు చట్టం వచ్చాయి. రక్షణ ఉత్తర్వులు, ఆశ్రయం అన్న మాటలు ఆ చట్టంలో ఉన్నాయి. శిక్షల విషయంలో అది బలహీనమని విమర్శ ఉంది, నిజమే. 1960 శిక్షాస్మృతిలో 153వ సెక్షను అని ఒకటి ఉండేది. భార్యనో కూతుర్నో అక్కచెల్లెళ్ళనో పరాయి మగాడితో చూసి ఆ క్షణంలో చంపినవాడికి అత్యధికంగా మూడేళ్ళు, లేదా 225 దీనార్ల జరిమానా. ఆ వింత అంకె ఎక్కడిదంటే, చట్టం రాసేనాటికి ఇక్కడ చెలామణిలో ఉన్నది రూపాయలు. 3000 రూపాయల్ని దీనార్లలోకి మారిస్తే అంత వచ్చింది. దాన్ని 2025లో ఎత్తేశారు. అరవై అయిదేళ్ళు పట్టింది.

మనం వాళ్ళని చూసి నవ్వడానికేమీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పద్దెనిమిది నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త వల్ల హింసకి గురైనవాళ్ళు ఆంధ్రలో నూటికి 30 మంది, తెలంగాణలో 37 మంది. అంతకన్నా నన్ను కుదిపింది ఇంకో అంకె. ఏదో ఒక కారణానికి, కూర సరిగా వండకపోతేనో, చెప్పకుండా బయటికి వెళ్తేనో, ఎదురు చెబితేనో, మొగుడు కొట్టడం సబబే అన్న ఆడవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది. ఆ రోజు ఫ్లాటులో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తల ఊపిన ఆడవాళ్ళు కూడా ఆ లెక్కలోవాళ్ళేనేమో.

ఇది చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో ఉండదని, ఇళ్ళల్లో పనికొచ్చిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళ బాధలని మన సభ్యుల్లో ఒక నమ్మకం ఉంది. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా దగ్గర చక్కెర జబ్బుకి మందులు తీసుకుంటుంది. ఒకసారి మాటల్లో అంది: "మా మామా కొడితే నేను ఎంబసీకి పోతా సార్, ఆడ ఉండేదానికి చోటిస్తారు. మీ ఇండ్లల్లో అమ్మలు యాడికి పోతారు?" మామా అంటే ఇంటి యజమానురాలు. నేను ప్రిస్క్రిప్షను రాస్తూ తల ఎత్తలేదు.

ఆ రాత్రి చివరికి నేను ఏం రాశానో చెప్పాలి. జారిపడ్డానని రోగి చెప్పిందని రాశాను. అల్నా నడిమికి విరిగిందని, వీపు మీద, భుజం మీద రంగు వేరువేరుగా ఉన్న కమిలిన మచ్చలున్నాయని, అవి ఒక రోజువి కావని, గాయం చెప్పిన కారణానికి సరిపోవడం లేదని రాశాను. ఒక్కో మచ్చా కొలిచి రాశాను. ఆ ఏడు వారాల కిందట అడగాల్సింది అప్పుడు అడిగాను. పోలీసులకి చెప్పమంటావా అంటే వద్దంది. పిల్లకి పరీక్షలు అయ్యేదాకా అంది. తెల్లవారుజామున మా ఆవిణ్ణి పిలిపించాను. కట్టు వేసిన చేత్తో ఇంటి పని చేయకూడదని, రెండు వారాలు మా ఇంట్లో ఉంటుందని భర్తకి మా ఆవిడే చెప్పింది. అతను నా వంక చూశాడు. నేను ఎక్సురే వంక చూశాను.

రెండు వారాలు ఆరు వారాలయ్యాయి. ఆవిడ అన్నకి ఫోను చేశాం, ఎంబసీకి చెప్పాం. పరీక్షలయ్యాక తల్లీపిల్లా వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు గనక రాస్తున్నాను. 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన మన గృహహింస చట్టం కింద ఆవిడ తాను ఉంటున్న ఊళ్ళోనే, తాత్కాలికంగా ఉంటున్నా సరే, మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు. మెట్టినింటి ఊరికి పరుగెత్తనక్కర్లేదు. ఒకప్పటి 498ఏ కేసుల విషయంలో కూడా, తలదాచుకున్న చోటే పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. 2024 జులై 1 నుంచి ఆ సెక్షను స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను ఉంది. ఆవిడ కేసు నడుస్తోంది, వాయిదాల మీద వాయిదాలు. నేను రాసిన కాగితం అందులో ఉంది. ఆ శుక్రవారం అయిదుగురం ఆడిన మాటలకి మాత్రం ఎక్కడా కాగితం లేదు.

ఆ తర్వాత నాతో కూర్చున్న పెద్దల్లో ఇద్దరు నాతో మాట్లాడటం తగ్గించారు. కాపురం కూల్చాడన్నారు. వాళ్ళంటే నాకు గౌరవం పోలేదు, వాళ్ళూ మంచి చేస్తున్నామనే అనుకున్నారు. చీటీ డబ్బుల తగాదాకో, అద్దె తగాదాకో పిలిస్తే ఇప్పటికీ వెళ్ళి కూర్చుంటాను.

పోయిన నెల, రాత్రి పదింటికి ఒక ఫోను వచ్చింది. ఫహాహీల్ వైపు ఒక కుటుంబం. "శుక్రవారం కూర్చుందాం డాక్టరు గారూ, మీరొస్తే అతను వింటాడు" అన్నారు. "శుక్రవారం సంగతి తర్వాత. ఆవిడ ఈ రాత్రి ఎక్కడుంది?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఇంట్లోనే ఉందండీ, బాత్‌రూములోంచి బయటికి రావడం లేదట" అన్నారు.

నేను ఫోను పెట్టేలోగా మా ఆవిడ కారు తాళాలు తీసింది.